మారేడ్‌పల్లి నుంచి బదరికి

పిల్లలూ! మీలో ఎందరు సికింద్రాబాదు చూశారో నాకు తెలియదు. చూడనివారు ఈ నెల నాతో రండి. చూసినవారు కూడా రండి. ఎందుచేతనంటే నేను మిమ్మల్ని గడియారస్తంభం దగ్గరికో, హుసేనుసాగరం గట్టు మీదికో తీసుకుపోవటం లేదు. ఒక ఇంటి పెరట్లోకి తీసుకుపోతున్నాను. ఆ పెరట్లో ఒక ముసలి వ్యాను ఉన్నది. దాని కడుపులో ఎక్కడో ఒక చిన్న చిల్లు ఉన్నది. ఆ చిల్లును వెతికి పట్టుకోవటమే ఈసారి మన యాత్ర.

ముందు ఊరి సంగతి నాలుగు మాటలు చెబుతాను. హైదరాబాదు పాత నగరమైతే సికింద్రాబాదు దానికి చెల్లెలు. 1806 లో, మూడవ నిజాము సికందర్ జా కాలంలో, ఆయన పేరనే ఈ ఊరికి పేరు పెట్టారు. సాగరానికి ఒక పక్క నిజాముగారి నగరం, మరొక పక్క ఇంగ్లీషువారి సైన్యం విడిది. ఆ సైన్యం వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది గాని దాని జాడలు ఇంకా పేర్లలో మిగిలే ఉన్నవి. ఒక పేట పేరు పికెట్. అంటే కాపలా సిపాయిల మకాం. దానికి దగ్గరలోనే ఇంకొక పేట కార్ఖానా. అంటే పనిశాల.

మనం రైలు దిగే స్టేషను 1874 నాటిది. అక్కడి నుంచి ఉత్తరంగా ఆటోలో కొద్ది దూరం పోతే మారేడ్‌పల్లి వస్తుంది. మారేడు చెట్టు తెలుసు గదా? దాని దళాలతోనే శివుడికి పూజ చేస్తారు. పేరు వింటే మారేడు చెట్ల నీడన ఉన్న పల్లె మనసులో మెదులుతుంది. ఇప్పుడది పల్లె కాదు. తూర్పు మారేడ్‌పల్లి, పడమటి మారేడ్‌పల్లి అని రెండు పెద్ద పేటలు. తూర్పున మహేంద్ర హిల్స్ అనే గుట్ట ఉన్నది. దాని మీదికి రోడ్లు నిట్టనిలువుగా ఎక్కుతవి. ఆ గుట్టను జ్ఞాపకం పెట్టుకోండి. దానితో మనకు తరువాత పని పడుతుంది.

పడమటి మారేడ్‌పల్లిలో నడుస్తుంటే మీ చెవిన ఒక్క వీధిలోనే మూడు భాషలు పడతవి. ఒక ఇంట్లో తెలుగు, పక్క ఇంట్లో తమిళం, వీధి మొగలో ఉర్దూ. పాత బంగళాలు కొన్ని మిగిలి ఉన్నవి. చాలావాటి స్థానంలో మేడల మీద మేడలు లేచినవి. అట్లా మిగిలిన ఒక పాత పెంకుటింట్లో మా బాబాయి కాపురం. ఇంటి ముందు వేపచెట్టు, వెనక పెరడు. ఆ పెరట్లోనే వ్యాను.

అది డీజిలుతో నడిచే పాత వ్యాను. బాబాయి దానిని కొని, లోపలి సీట్లు కొన్ని పీకించి, పడుకోవటానికి రెండు బల్లలు, ఒక మూల గ్యాసుపొయ్యి, నీళ్ళకు ఒక పీపా అమర్చాడు. దూరదేశాల్లో ఇటువంటి బళ్ళు చాలా ఉంటవి. జర్మనీలో 1950 నుంచి తయారైన ఫోక్స్‌వాగన్ వ్యానులను అనేకమంది ఇట్లాగే ఇళ్ళుగా మార్చుకొని ఊళ్ళు తిరిగారు. మన బాబాయికి మాత్రం ఊళ్ళు తిరగాలని కాదు. బామ్మను బదరీనాథ్ తీసుకుపోవాలని.

బామ్మకు డెబ్భై రెండేళ్ళు. ఎన్నో ఏళ్ళుగా బదరి చూడాలని ఆమె కోరిక. అయితే ఆమెకు ఉబ్బసం. డాక్టరు పరీక్ష చేసి, "వెళ్ళవచ్చు. కాని చలిగాలి తగలకుండా చూసుకోవాలి," అన్నాడు. బదరీనాథ్ సముద్రమట్టానికి సుమారు 3,100 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ మే నెలలో కూడా తెల్లవారుజామున చలి ఎముకలను కొరుకుతుంది. అందుచేత బాబాయి వ్యానులో వెనక సీటు కింద ఒక హీటరు పెట్టించాడు.

పోయిన వేసవిలో నేను మారేడ్‌పల్లి వెళ్ళేసరికి ప్రయాణం ఇంకా ఆరు రోజులు ఉన్నది. ఇల్లంతా సందడిగా ఉండవలసింది. కాని బాబాయి వ్యాను పక్కన గొంతుకు కూర్చుని ఉన్నాడు. ఆయన కూతురు, పన్నెండేళ్ళది, సీటు కింద తల దూర్చి చూస్తున్నది. కొడుకు, ఎనిమిదేళ్ళవాడు, ముక్కుతో గాలి ఎగబీలుస్తున్నాడు.

"అన్నయ్యా, వ్యానులో ఎవరో పాకం పట్టినట్టు వాసన వస్తున్నది!" అన్నాడు వాడు.

నిజమే. తియ్యటి వాసన. సీటు కింద పరిచిన చాప తడిగా ఉన్నది. కిటికీ అద్దాల మీద జిడ్డుపొర పట్టి ఉన్నది. రేడియేటరులో అరలీటరు ద్రవం తగ్గిపోయింది.

ఇక్కడ కొంచెం ఆగుదాం. ఆ ద్రవం ఏమిటో, హీటరు ఎట్లా పని చేస్తుందో తెలిస్తేగాని ఈ కథ అర్థం కాదు.

ఇంజనులో డీజిలు మండేటప్పుడు లోపల రెండువేల డిగ్రీలకు పైగా వేడి పుడుతుంది. ఆ వేడిలో సుమారు మూడోవంతు మాత్రమే చక్రాలను తిప్పటానికి ఉపయోగపడుతుంది. మరొక మూడోవంతు పొగగొట్టం గుండా బయటికి పోతుంది. మిగిలినది ఇంజను ఒంటిలోనే ఉండిపోతుంది. దాన్ని ఎప్పటికప్పుడు తీసివేయకపోతే ఇనుము ఉబ్బి, లోపలి భాగాలు ఒకదానికొకటి పట్టుకుపోయి, ఇంజను బిగుసుకుపోతుంది. అందుకని ఇంజను చుట్టూ నీటిని తిప్పుతారు.

నీరే ఎందుకు? వేడిని మోయటంలో నీటిని మించిన కూలివాడు అరుదు. ఒక కిలో నీరు ఒక డిగ్రీ వేడెక్కటానికి ఎంత వేడి తాగుతుందో, అందులో తొమ్మిదోవంతు వేడితో ఒక కిలో ఇనుము ఒక డిగ్రీ వేడెక్కుతుంది. కాబట్టి నీరు బోలెడు వేడిని మోసుకుని రేడియేటరులోకి వస్తుంది. రేడియేటరు అంటే సన్నని గొట్టాల గుంపు. గాలి వాటి మధ్యగా వీచి వేడిని ఎగరగొట్టుకు పోతుంది. 1900 లో జర్మనీలో విల్‌హెల్మ్ మేబాక్ అనే ఇంజనీరు మెర్సిడిస్ కారుకు తేనెపట్టు వంటి రేడియేటరు చేశాడు. దానిలో 8,070 చిన్న గొట్టాలు ఉండేవి! గొట్టాలు ఎన్ని ఎక్కువైతే గాలి తగిలే చోటు అంత ఎక్కువ. వేడి అంత తొందరగా పోతుంది.

ఇక హీటరు అంటే బుల్లి రేడియేటరే. ఇంజను నుంచి వచ్చే వేడినీటిలో కొంత ఒక రబ్బరు గొట్టం గుండా సీటు కింద ఉన్న పెట్టెలోకి వస్తుంది. అక్కడ ఒక చిన్న పంకా ఆ గొట్టాల మీదుగా గాలిని విసిరితే వెచ్చటి గాలి బండిలోకి వస్తుంది. చల్లబడిన నీరు ఇంకొక గొట్టం గుండా ఇంజనుకు తిరిగి పోతుంది. వృథాగా పోయే వేడితో బామ్మ కాళ్ళు వెచ్చబడతవన్న మాట. పాత ఫోక్స్‌వాగన్ వ్యానులకు ఈ నీటి బాధ లేదు. వాటి ఇంజనును గాలితోనే చల్లబరిచేవారు. 1980 తరువాతనే వాటికి కూడా నీళ్ళ ఇంజనులు వచ్చినవి.

బండిలో ఉండేది ఉత్త నీరు కాదు. ఉత్త నీరు చలికి గడ్డకడుతుంది. గడ్డకట్టేటప్పుడు ఉబ్బి, ఇనుపదిమ్మెను సైతం పగలగొడుతుంది. అందుచేత నీటిలో సగానికి సగం ఎథిలిన్ గ్లైకాల్ అనే ద్రవం కలుపుతారు. అట్లా కలిపినది సున్న కంటే 35 డిగ్రీలు కిందికి పోయినా గడ్డకట్టదు. మెకానిక్కులు దీన్నే కూలంటు అంటారు. మన వ్యానులో పచ్చరంగు కూలంటు ఉన్నది. తియ్యని వాసన దానిదే.

ఇక మళ్ళీ పెరట్లోకి పోదాం.

సీటు కింద గొట్టం, పెట్టె కలిసేచోట ఒక పచ్చని చుక్క వేలాడుతూ కనిపించింది. "దొంగ దొరికాడు!" అన్నాడు బాబాయి. అక్కడి ఇనుప క్లిప్పును స్క్రూడ్రైవరుతో బిగించాడు. చాప ఎండబెట్టాడు. పిన్ని అందరికీ నిమ్మకాయ నీళ్ళు ఇచ్చింది. కథ ముగిసిందనుకున్నాం.

మర్నాడు పొద్దున చూస్తే అదే చోట అదే చుక్క!

బాబాయి కార్ఖానా వైపు నుంచి ఒక పాత మేస్త్రీని పిలుచుకు వచ్చాడు. ఆయన తెల్ల గడ్డం మనిషి. చిన్నతనం నుంచీ బళ్ళతోనే బతికానని చెప్పాడు. సీటు కింద చూశాడు గాని దేన్నీ ముట్టుకోలేదు.

"సాబ్, చుక్క కనబడే చోటు వేరు, పుట్టే చోటు వేరు," అన్నాడు.

వాకిట్లో కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరుతున్న బామ్మ తల ఎత్తింది. "అంతే గదా నాయనా! మా ఊళ్ళో పెంకుటిల్లు కారితే చిల్లు ఒక చోట, చుక్క ఒక చోట. నీరు వాసం వెంట జారి, చివరికి ఎక్కడో మంచం మీద పడేది. ఒరే, ముగ్గుపిండి చల్లి చూడండి. తడి ఎక్కడ మొదలైతే అక్కడ నల్లబడుతుంది," అన్నది.

మేస్త్రీ నవ్వి, "మాజీ నాకంటే పెద్ద మేస్త్రీ!" అన్నాడు.

గొట్టాలు, పెట్టె అన్నీ శుభ్రంగా తుడిచారు. పొడి ముగ్గుపిండి పలచగా చల్లారు. కింద కాగితాలు పరిచారు. ఇంజను నడిపించి, హీటరు కుళాయి తెరిచారు. వేడెక్కిన కొద్దీ లోపల ఒత్తిడి పెరుగుతుంది. పావుగంట తరువాత టార్చిలైటు వేసి చూస్తే, తెల్లటి పిండి మీద నల్లని గీత ఒకటి కనిపించింది. అది గొట్టం అతుకు దగ్గర మొదలు కాలేదు. పైన, పెట్టె లోపలి నుంచి దిగి వచ్చింది. గొట్టం వెంట జారి, అన్నిటికంటే కిందనున్న క్లిప్పు దగ్గర చుక్క కట్టింది.

పాపం, ఆ క్లిప్పు చేసిన నేరం ఏమీ లేదు. అది తక్కువ స్థానంలో ఉండటమే దాని తప్పు.

బాబాయి వెంటనే రేడియేటరు మూత తీయబోయాడు. మేస్త్రీ ఆయన చెయ్యి పట్టుకుని ఆపాడు. పిల్లలూ, ఈ మాట మీరందరూ గట్టిగా జ్ఞాపకం ఉంచుకోవాలి. మీ ఇంట్లో ప్రెషర్‌కుక్కరు ఉన్నది గదా? రేడియేటరు మూత కూడా అటువంటిదే. మామూలు గాలి ఒత్తిడికి నీరు 100 డిగ్రీల వద్ద మరుగుతుంది. ఆ ఒత్తిడికి ఇంకొక సగం చేర్చితే 111 డిగ్రీల దాకా మరగదు. అందుకే బండిలోని నీటిని మూతతో అదిమి ఉంచుతారు. వేడిగా ఉన్నప్పుడు మూత తీస్తే ఒత్తిడి ఒక్కసారిగా పోతుంది. అంతవరకు అణగి ఉన్న నీరు క్షణంలో ఆవిరై ముఖం మీదికి చిమ్ముతుంది. అట్లా కాలినవారు ఎందరో ఉన్నారు. ఇంజను పూర్తిగా చల్లారేదాకా ఆ మూత జోలికి పెద్దలు కూడా పోకూడదు. పిల్లలు ఎన్నడూ పోకూడదు.

రెండు గంటలు ఆగాం. అప్పుడు గొట్టాలు విప్పి, కూలంటును ఒక పాత బేసినులోకి వంచారు. మేస్త్రీ, బాబాయి పెట్టెను బయటికి తీసే పనిలో ఉన్నారు. అంతలో పక్కింటి కుక్కపిల్ల గోడ సందులోంచి వచ్చింది. తియ్యని వాసన పసికట్టి తోక ఆడించుకుంటూ బేసిను దగ్గరికి పోయింది.

"దాన్ని పట్టుకోండి!" అని మేస్త్రీ అరిచాడు.

ఆడపిల్ల ఒక్క గంతు వేసి కుక్కపిల్లను ఎత్తుకున్నది. దాని మూతి బేసినుకు జానెడు దూరంలో ఉన్నది.

గ్లైకాల్ తియ్యగా ఉంటుంది, కాని అది విషం. లోపలికి పోయిన తరువాత ఒంట్లో మార్పు చెంది, మూత్రపిండాలలో సన్నని స్ఫటికాలుగా పేరుకుని వాటిని పాడుచేస్తుంది. కొద్దిపాటి ద్రవం నాకితే చాలు, చిన్న కుక్కపిల్ల చచ్చిపోతుంది. మనుషులకు కూడా అది ప్రాణాంతకమే. ఆడపిల్ల చేతులు చాలాసేపు వణికినవి. బాబాయి బేసినులోని ద్రవాన్ని మూత బిగుతుగా ఉన్న డబ్బాలో పోసి, దాని మీద పుర్రె బొమ్మ గీసి, అటక మీద పెట్టాడు. నేల మీద ఒలికిన దాని మీద ఇసుక పోసి, ఆ ఇసుకను ఎత్తి సంచిలో కట్టాడు. మురుగుకాలవలో మాత్రం పోయలేదు. కాలవ నీళ్ళు తాగే జంతువులు ఎన్ని లేవు?

ఇక పెట్టెకు పరీక్ష. సైకిలు ట్యూబుకు పంక్చరు పడితే ఏం చేస్తారు? గాలి కొట్టి నీళ్ళలో ముంచుతారు. ఇక్కడా అంతే. ఒక గొట్టం మూతిని రబ్బరు బిరడాతో మూసి, రెండవదానికి సైకిలు పంపు తగిలించారు. పెట్టెను బకెట్టు నీళ్ళలో ముంచారు. "మెల్లిగా, బేటా. గట్టిగా కొడితే ఉన్న చిల్లు పెద్దదవుతుంది," అని మేస్త్రీ పిల్లవాడికి పంపు ఇచ్చాడు. వాడు రెండుసార్లు నొక్కాడు.

మూలన, గొట్టం వెళ్ళి పైతొట్టిలో కలిసేచోట, ఆవగింజంత బుడగలు ఒకదాని వెంట ఒకటి బయలుదేరినవి.

"అదుగో! అదుగో!" అని పిల్లలిద్దరూ కేకలు వేశారు.

దొంగ దొరికాడు గాని వాడిని ఏం చేయాలన్నది ప్రశ్న. మేస్త్రీ మూడు దారులు చెప్పాడు. హీటరును పూర్తిగా తీసివేసి, రెండు గొట్టాలనూ ఒకదానికొకటి కలిపివేయటం మొదటి దారి. అది పది నిమిషాల పని. ఇంజనుకు ఏ నష్టమూ లేదు. కొత్త పెట్టె కొనటం రెండవది. ఉన్నదానికి మాటు వేయటం మూడవది.

"నాకోసం ఇంత శ్రమ ఎందుకురా? తీసిపారేయండి. గొంగళి కప్పుకుంటాను," అన్నది బామ్మ.

బాబాయి జవాబు చెప్పలేదు. హీటరు లేకపోయినా వ్యాను బదరి చేరుతుంది. ఆ సంగతి అందరికీ తెలుసు. డాక్టరు చెప్పిన మాట కూడా అందరికీ తెలుసు. కొండదారుల్లో తెల్లవారుజామున బామ్మకు ఊపిరి అందకపోతే ఏం చేయాలి? ఇట్లాగే కారుతున్న హీటరుతో పోతే ఇంకా అపాయం. ఘాటీ మధ్యలో నీరంతా కారిపోతే ఇంజను బిగుసుకుపోతుంది.

"రేపు రాణీగంజ్ వెళ్ళి చూద్దాం," అన్నాడు బాబాయి చివరికి.

రాణీగంజ్ సికింద్రాబాదులో బళ్ళ సామాన్లకు పేరుపొందిన బజారు. బేరింగులు, బోల్టులు, గొట్టాలు, గాస్కెట్లు, ఏ దుకాణంలో చూసినా గుట్టలుగా ఉంటవి. మేము పెట్టెను సంచిలో వేసుకుని దుకాణం దుకాణం తిరిగాం. రబ్బరు గొట్టాలు దొరికినవి. కొత్త క్లిప్పులు దొరికినవి. ఆ కొలత పెట్టె మాత్రం ఎక్కడా దొరకలేదు. ఎండ మాడుస్తున్నది. ప్రయాణం నాలుగు రోజులలోకి వచ్చింది.

దారిలో బాబాయి ఒక సంగతి చెప్పాడు. ఈ ఊళ్ళో యంత్రాలు బాగుచేసే విద్య నిన్నటిది కాదు. మారేడ్‌పల్లికి దగ్గరలోనే లాలాగూడలో రైల్వే పనిశాల 1893 లో వెలిసింది. 1932 లో నిజాం రైల్వేవారే 27 బస్సులతో, 166 మంది పనివారితో రోడ్డు రవాణా మొదలుపెట్టారు. రాష్ట్ర ప్రభుత్వాలు నడిపే మన బస్సులకు అదే మొదలు. రైలింజనైనా, బస్సయినా, నీరు కారితే ఆగవలసిందే. ఆ కారటాన్ని ఆపే చేతులు ఈ ఊళ్ళో తరతరాలుగా ఉన్నవి.

అటువంటి చేతులే చివరికి మాకు దొరికినవి. ఒక సందులో రేడియేటర్లు బాగుచేసే చిన్న కొట్టు ఉన్నది. అందులో పని చేసే ఆయన పెట్టెను తిప్పి తిప్పి చూసి, "ఇది ఇత్తడిది. మాటు పడుతుంది. అల్యూమినియం అయితే నా వల్ల కాదు," అన్నాడు. పైతొట్టి అతుకు కరిగించి విప్పాడు. లోపల గొట్టాల మూతులకు తెల్లటి పెచ్చు గట్టిగా పట్టి ఉన్నది.

పిల్లవాడు చూసి, "బామ్మ స్నానానికి నీళ్ళు కాచే గుండిగలో కూడా ఇట్లాగే ఉంటుంది!" అన్నాడు.

వాడు చెప్పినది నిజం. బోరునీటిలో సున్నం వంటి లవణాలు కరిగి ఉంటవి. నీరు కాగినప్పుడు అవి విడిపడి పెచ్చుగా కడతవి. పాత యజమాని ఎవరో ఏళ్ళ తరబడి ఉత్త బోరునీరు పోసి నడిపి ఉంటాడు. పెచ్చు కట్టినచోట నీరు సరిగా పారదు. లోహం కూడా కొంచెం కొంచెంగా తినివేయబడుతుంది. చివరికి చిల్లు పడుతుంది. ఆ చిల్లు ఆరు రోజుల కిందట పుట్టినది కాదు, ఎన్నో ఏళ్ళ అశ్రద్ధకు పుట్టినది.

ఆయన పెచ్చును గోకి తీశాడు. చిల్లు చుట్టూ తీగ బ్రష్షుతో రుద్ది, ఇత్తడి బంగారంలా మెరిసేదాకా శుభ్రం చేశాడు. మట్టి ఉన్నచోట మాటు అంటదు. తరువాత మందు పూసి, వేడి చేసి, తగరం, సీసం కలిసిన కడ్డీని తాకించాడు. అది వెండినీరులా పరుగెత్తి చిల్లును కప్పింది. పూర్వం వీధుల్లో "బిందెలకు మాట్లు వేస్తాం!" అని కేక వేసుకుంటూ తిరిగేవారని మీ తాతగారిని అడిగితే చెబుతారు. ఆ విద్యే ఇది. మళ్ళీ నీళ్ళలో ముంచి గాలి కొడితే ఒక్క బుడగ కూడా రాలేదు.

ఇంటికి వచ్చి పెట్టెను బిగించారు. పాత రబ్బరు గొట్టాలను వంచి చూస్తే పగుళ్ళు కనబడినవి. వాటిని కూడా మార్చారు. ఈసారి బోరునీరు పోయలేదు. శుద్ధజలం, కూలంటు సగం సగం కలిపి పోశారు. అయినా పని పూర్తి కాలేదు! హీటరు తెరిస్తే చల్లటి గాలే వచ్చింది.

"గాలి అడ్డుపడింది," అన్నాడు మేస్త్రీ. నీటి దారిలో ఎక్కడో ఒక గాలిబుడగ ఇరుక్కుంటే నీరు దాన్ని దాటి పోలేదు. బుడగ ఎప్పుడూ పైకి పోవాలని చూస్తుంది. కాబట్టి మూత ఉన్నచోటును అన్నిటికంటే ఎత్తుగా ఉంచాలి. అందుకు మెల్లిగా వ్యానును మహేంద్ర హిల్స్ గుట్ట ఎక్కే రోడ్డుకు నడిపించి, ముక్కు పైకి ఉండేట్టు నిలిపారు. చక్రాల కింద రాళ్ళు పెట్టారు. ఇంజనును చల్లారనిచ్చారు. అప్పుడు మూత తీసి, హీటరు కుళాయి తెరిచి, ఇంజను మెల్లిగా నడిపారు. బుడుంగు, బుడుంగు అని బుడగలు బయటపడినవి. తగ్గినకొద్దీ కూలంటు పోశారు. నీరు బాగా వేడెక్కకముందే మూత బిగించారు. పావుగంటలో సీటు కింద నుంచి వెచ్చటి గాలి వచ్చింది.

ప్రయాణానికి రెండు రోజుల ముందు అసలు పరీక్ష జరిగింది. వికారాబాదు దగ్గర అనంతగిరి కొండలు ఉన్నవి. మూసీనది పుట్టేది అక్కడే. మేమందరం వ్యాను ఎక్కి ఆ కొండకు వెళ్ళాం. వేసవి ఎండలో, హీటరు పూర్తిగా తెరిచి! అద్దాలు దించినా చెమటలు ధారలు కట్టినవి. ఎదురు వచ్చినవారు మమ్మల్ని చూసి పిచ్చివాళ్ళనుకొని ఉంటారు. కాని ఘాటు రోడ్డు ఎక్కేటప్పుడు ముల్లు మధ్య గీత దాటలేదు. హీటరు కూడా ఒక రేడియేటరే గదా? అది తెరిచి ఉంటే ఇంజను వేడి ఇంకొంచెం తగ్గుతుంది. కొండ మీద అనంతపద్మనాభస్వామి గుడి దగ్గర ఆగి, ఆడపిల్ల సీటు కింద పొడి కాగితం పెట్టి తుడిచి చూసింది. కాగితం పొడిగానే ఉన్నది.

బామ్మ కొంగుతో చెమట తుడుచుకుంటూ, "బదరి చలి ఎట్లా ఉంటుందోగాని, ఈ వేడి మాత్రం జన్మలో మరచిపోను," అన్నది.

బయలుదేరే నాటి ఉదయం మేస్త్రీ వచ్చి బామ్మకు నమస్కారం చేశాడు. బాబాయికి ఒకే మాట చెప్పాడు. "సాబ్, హీటరు బండి నడిచేటప్పుడే. రాత్రి ఇంజను నడుపుతూ, అద్దాలు మూసుకుని నిద్రపోకండి. పొగలోని విషవాయువుకు రంగు లేదు, వాసన లేదు. నిద్రలోనే ప్రాణం తీస్తుంది." బాబాయి ఆ మాట కాగితం మీద రాసి స్టీరింగు దగ్గర అంటించాడు.

మారేడ్‌పల్లి నుంచి బదరికి రెండువేల కిలోమీటర్లకు పైగానే దారి. మూడు వారాల తరువాత ఆడపిల్ల రాసిన కార్డు నాకు వచ్చింది. అందులో ఇట్లా ఉన్నది:

"అన్నయ్యా, మేమందరం క్షేమం. తెల్లవారుజామున బయలుదేరినప్పుడల్లా హీటరు వేశాం. బామ్మకు ఒక్కసారి కూడా ఆయాసం రాలేదు. రోజూ నేను కాగితంతో తుడిచి చూస్తున్నాను. పొడిగానే ఉన్నది. బదరిలో గుడి ముందు తప్తకుండం అని వేడినీటి గుండం ఉన్నది. ఎవరూ కాచకుండానే భూమిలోంచి వేడినీరు వస్తుంది. బామ్మ అందులో స్నానం చేసి, 'భూమి లోపలి వేడిని నీరే పైకి మోసుకు వచ్చిందే పిల్లా. మన బండిలో జరిగేది కూడా ఇదే గదా,' అన్నది. కుక్కపిల్ల ఎట్లా ఉన్నదో కనుక్కుని రాయి."

కుక్కపిల్ల బాగానే ఉన్నది, పిల్లలూ. మీరు ఎప్పుడైనా మారేడ్‌పల్లి వెళ్తే, ఆ వేపచెట్టు ఇంటి గోడ మీద నుంచి అది మిమ్మల్ని చూసి తప్పకుండా మొరుగుతుంది.